ఒంటిపూట బడిలో వసంతం రాయించడం ఎలా

వసంతం మీద పిల్లల చేత ఏదైనా రాయించాలంటే ముందు బోర్డు మీద "వసంత ఋతువు" అనే శీర్షిక పెట్టడం మానుకోవాలి. ఆ రెండు మాటలు కనబడ్డాయంటే తరగతిలో ముప్పై మందీ ఒకటే పేరా రాసిస్తారు. చెట్లు చిగురిస్తాయి, కోకిలలు కూస్తాయి, ప్రకృతి పచ్చగా ఉంటుంది, మనసుకు ఆనందం కలుగుతుంది. పిల్లల్ని అని లాభం లేదు. వాచకం, గైడు, వ్యాసరచన పోటీలో బహుమతి వచ్చిన కాగితం, అన్నీ ఈ వరసే నేర్పాయి.

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ కాలంలో కంటికి కనిపించేది వేరు. పెన్నా ఆయకట్టులో వరి కోతకొచ్చి మడులు పసుపురంగుకు తిరుగుతాయి, కోత మిషను వెనకాలే కొంగలు నడుస్తుంటాయి. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు చింతకాయలు దులిపి, వాకిట్లో పోసుకుని పెంకు తీస్తుంటారు. మిరప కల్లం పక్కగా నడిస్తే తుమ్ములు ఆగవు. టంగుటూరు, కొండపి దిక్కున పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర ఆ ఆకు వాసన. తీరంలో ఉప్పు మడులు తెల్లబడతాయి. రావి ఎర్రగా చిగురుస్తుంది, వేప పూస్తుంది, బడి ఒంటిపూటకు మారుతుంది. ఇక్కడి పిల్లలకు తెలిసిన వసంతం ఇదే. దీన్ని రాయించగలిగితే ఒక కాగితానికి ఇంకో కాగితానికి పోలిక ఉండదు. కింద చెప్పేవి మూడు నుంచి ఏడో తరగతి దాకా పనికొచ్చే పద్ధతులు. ఒకటి, రెండు తరగతుల సంగతి చివర్లో వేరుగా ఉంది.

ఎప్పుడు, ఏ వేళకు

ఫిబ్రవరి చివరి వారం నుంచి ఉగాది దాకా మంచి అదును. ఉగాది తేదీ ఏటా మారుతుంది కదా: 2025లో మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19న. ఏప్రిల్ వచ్చిందంటే పరీక్షలు, వెంటనే సెలవులు. అందుకని పండగ తర్వాత చూద్దామని వాయిదా వేస్తే ఇక జరగదు.

పాఠం తేదీని క్యాలెండరు చూసి కాకుండా చెట్టును చూసి పెట్టుకోవాలి. ఫిబ్రవరి చివర మోదుగ, బూరుగ ఆకు లేకుండా పూసి ఉంటాయి. మార్చిలో కానుగ, రావి కొత్త ఆకు తొడుగుతాయి, మామిడి పిందె పడుతుంది. ఉగాదికి అటూ ఇటూగా వేప పూత. ఏప్రిల్‌లో ముంజలు, బూరుగ కాయలు పగిలి దూది. వేప మీద పాఠాన్ని ఫిబ్రవరిలో పెట్టుకుంటే చెట్టు మీద పూత ఉండదు, పిల్లలు మళ్లీ పుస్తకంలోంచే రాస్తారు.

ఒంటిపూట బడులు సాధారణంగా మార్చి మధ్యలో మొదలవుతాయి, ఉదయం ఏడూ ముప్పావుకే గంట కొడతారు. బయటికి తీసుకెళ్లేది మొదటి పీరియడులోనే. తొమ్మిది దాటితే పిల్లలు చెట్టును చూడరు, నీడను వెతుక్కుంటారు. రాలిన వేప పూలు కూడా ఊడ్చేయక ముందు పొద్దున్నే కనిపిస్తాయి.

ముందురోజు సాయంత్రం ఆ చోటికి ఒకసారి వెళ్లి చూసి రండి. పైన తేనెపట్టు గానీ కందిరీగల గూడు గానీ ఉంటే ఆ చెట్టు వద్దు. కంచెల వెంబడి దూలగొండి కాయలు ఈ కాలంలోనే ఎండి ఉంటాయి, నూగు తగిలితే ఒళ్లంతా దురద, ఇక ఆ పూట రాత లేదు. జిల్లేడు పాలు, మామిడి సొన చేతికంటితే కళ్లు నలుపుకోవద్దని బయలుదేరే ముందే చెప్పాలి.

సరంజామా పెద్దగా అక్కర్లేదు. తలా ఒక పలక, బలపం. ముప్పై మందికి ఏ4 కాగితాలు ఎనిమిది తీసుకుని ఒక్కోటి నాలుగు ముక్కలు చేస్తే సరిపోతుంది. ఇప్పుడు పలక ఎందుకనొచ్చు. నోటుబుక్కులో రాసింది కొట్టేయాలంటే పిల్లలకు భయం, పేజీ పాడవుతుందని, సారు చూస్తారని. పలక మీద తుడిచేయడం తప్పు కాదు. చిత్తు రాతకు అంతకంటే మంచి సాధనం లేదు. పైగా మార్కాపురం పలకలు ఈ గడ్డవే. ప్లాస్టిక్ పలకైనా పనికొస్తుంది, ఎండలో మెరిసి అక్షరం కనబడదు గనక నీడలో నిలబెట్టాలి.

ఒక పీరియడు నడిచే తీరు

నలభై నిమిషాలనుకుందాం. పది నిమిషాలు బయట, ఐదు నిమిషాలు చెప్పుకోవడం, పదిహేను రాయడం, పది చదవడం. చదవడానికి సమయం మిగల్చకపోతే రెండో వారానికే పిల్లలకు ఆసక్తి పోతుంది. రాసింది ఎవరో ఒకరు వినాలి.

బయటికెళ్లే ముందు పలకను నిలువుగా మూడు గడులు చేయించండి: కంటికి, చెవికి, ముక్కుకీ చేతికీ. ఒక్కో గడిలో రెండేసి విషయాలు నింపుకుని రావాలి. మొత్తం ఆరు. ఇంతకంటే ఎక్కువ అడిగితే పక్కవాడి పలక చూసి ఎక్కిస్తారు. చెవి గడి చాలామందికి ఖాళీగా మిగులుతుంది. ఒక నిమిషం కళ్లు మూయించి నిలబెడితే నిండుతుంది.

"ఎలా ఉంది?" అని అడగకండి. దానికి వచ్చే జవాబు "బాగుంది" ఒక్కటే. ఎన్ని ఉన్నాయి, దేని మీద ఉంది, ఏ వైపు వంగింది, చేతికి ఏమంటింది, ఎవరు తొక్కారు అని అడగాలి. చూపు ఆ ప్రశ్నల వెంట పోతుంది.

లోపలికి వచ్చాక నిషేధ మాటలు ఆరు బోర్డు మీద రాయండి: వసంతం, ఋతువు, కోకిల, అందం, ఆనందం, ప్రకృతి. వీటిలో ఏ ఒక్కటి వాడినా ఆ వాక్యం చెల్లదు, దాని బదులు పలక మీద ఉన్నది ఒకటి రాయాలి. ఆటలాగా పెడితే పిల్లలే ఒకరినొకరు పట్టుకుంటారు. తేడా ఎంత వస్తుందో చూడండి. "వేప చెట్టు చాలా అందంగా ఉంది. పూలు తెల్లగా ఉన్నాయి" అనే రాత ఈ నియమం పెట్టాక ఇలా మారుతుంది: "వేప చెట్టు కింద పెద్దసారు బండి ఉంది. సీటు మీద పూలు రాలి ఉన్నాయి. సారు కూర్చుంటే ప్యాంటుకు అంటుకుంటాయి." మొదటిదాన్ని ఎక్కడైనా ఎవరైనా రాస్తారు. రెండోది ఆ బడిలో, ఆ పొద్దున, ఆ పిల్లే రాయగలదు.

నమూనా చూపించాలంటే వేరే వస్తువు మీద చూపించి, చదివాక తుడిచేయండి. వేప మీద రాయమంటూ వేప మీదే నమూనా ఇస్తే ఇరవై కాగితాల్లో పెద్దసారు బండి వస్తుంది.

నిడివి ముందే చెప్పాలి. మూడో తరగతికి నాలుగు వాక్యాలు, ఐదుకు ఎనిమిది నుంచి పది, ఏడుకు ఒక పేజీ. "ఎంత రాయాలి సార్?" అనే ప్రశ్నతోనే ఐదు నిమిషాలు పోతాయి లేకపోతే.

పొడుపు కథ

మొదటి వారం దీంతో మొదలుపెట్టడం మంచిది. చిన్నది, ఇళ్లలో అవ్వల నోట విన్నది, పైగా వస్తువు పేరు చెప్పకూడదు కాబట్టి పిల్లలు తప్పనిసరిగా దాన్ని చూడాల్సి వస్తుంది.

వస్తువు ఎంచుకోవాలి. దాని గురించి నిజమైన సంగతులు మూడు పలక మీద రాయాలి. ప్రతి సంగతినీ ఒక ప్రశ్నతో పరీక్షించాలి: ఇది ఇంకో మూడు వస్తువులకు కూడా సరిపోతుందా? సరిపోతే కొట్టేయాలి. "తెల్లగా ఉంటుంది, చిన్నగా ఉంటుంది" అన్నది మల్లెకూ సరిపోతుంది, బియ్యపుగింజకూ సరిపోతుంది. మిగిలినవాటిలో ఒకదాన్ని మనిషి చేసే పనిగా మార్చాలి. ఇలా:

ఆకులన్నీ రాల్చుకుని ఎర్రకోక కట్టింది,
ఒంటినిండా చిలక ముక్కులే, పలుకు మాత్రం లేదు.

మోదుగ. ఇంకొకటి:

పొద్దున్నే వాకిట్లో ముత్యాలు పోస్తుంది,
ఏరుకుని నోట్లో వేసుకుంటే ముఖం ముడిపిస్తుంది.

వేప పువ్వు. రాసినవాటిని పక్క తరగతిలో చదివించండి. మొదటి ముక్కకే విప్పేస్తే మరీ తేలిక, ఎవరూ విప్పలేకపోతే ఆనవాలు చాలలేదు, ఇంకో సంగతి కలపాలి. ఈ పరీక్ష వల్ల "తిరగరాయి" అని టీచరు చెప్పే అవసరం తప్పుతుంది, పిల్లలే వెనక్కి వెళ్లి మారుస్తారు.

చింతకాయ, పుచ్చకాయ, ముంజ, కుండ, ఎండిన మిరపకాయ, ఉప్పు, గడ్డివాము, ఇవన్నీ బాగా పండే వస్తువులు. ఉదయించే సూర్యుడు, వెన్నెల వద్దు. వాటి మీద పాతవి బోలెడు ఉన్నాయి, జ్ఞాపకం నుంచి దించేస్తారు.

చప్పట్ల గేయం

పిల్లల చేత గేయం రాయిస్తే మామూలుగా జరిగేది ఏమిటంటే, చివర ప్రాస కలపడం కోసం అర్థం లేని మాటలు తెచ్చి పెడతారు. దానికి విరుగుడు, ప్రాస అక్కర్లేదని చెప్పి నడక మాత్రం అడగడం. తెలుగులో పిల్లల నోటికి తొందరగా పట్టేది మూడు మాత్రల నడక: తకిట, తకిట, తకిట, తకిట. ఒక పాదానికి నాలుగు తకిటలు.

వేప పూత రాలె రాలె
వాకిలంత తెల్లనాయె
చీపురెత్తి నిలిచెనవ్వ
చిమ్మలేక చూసెనవ్వ

మూడు, నాలుగు తరగతులకు లెక్క చెప్పకండి. చప్పట్లు కొడుతూ పాడించండి, చెవికి తెలిసిపోతుంది. ఐదు నుంచి పైవాళ్లకు మాత్ర లెక్క చెప్పొచ్చు: దీర్ఘం ఉన్నా, సున్నా ఉన్నా, తర్వాత ద్విత్వమో సంయుక్తమో వచ్చినా ఆ అక్షరానికి రెండు, మిగిలినవాటికి ఒకటి. అప్పుడు తరగతి మొత్తం కలిసి మూడు మాత్రల మాటల సంచి ఒకటి తయారుచేయాలి. వేప, పూత, చింత, కాకి, గాలి, ఎండ, నీడ, కొమ్మ, అవ్వ, గొర్రె, కుండ, కోడి, పలక, చిలక, చిగురు. ముప్పై, నలభై మాటలు పోగయ్యాక వాటితో రెండు పాదాలు కట్టమంటే ఎవరూ ఖాళీగా కూర్చోరు.

చిక్కు వచ్చేది మామిడి, కోకిల, ఊయల, ముంజలు లాంటి మాటల దగ్గర. అవి నాలుగు మాత్రలవి, తకిటలో ఇరికిస్తే కుంటుతాయి. ఆ మాటలు కావాలంటే నడకే మార్చుకోవాలి, తకధిమికి: "మామిడి కొమ్మకు ఊయల కట్టిరి." రెండు నడకలూ ఒకే గేయంలో కలపొద్దని చెబితే చాలు, ఎందుకో పాడి చూసుకున్నప్పుడు వాళ్లకే తెలుస్తుంది. ఖాళీ నింపడానికి "రా రా", "లే లే" వేస్తుంటారు. గేయానికి ఒక్కసారి మాత్రం ఒప్పుకోండి.

మా చెట్టు పంచాంగం

ఉగాది ముందు వారానికి ఇది. ఆరు రుచుల మీద వ్యాసం రాయించడం కంటే నూరు రెట్లు నయం, ఎందుకంటే పిల్లలు పంచాంగ శ్రవణం వినే ఉంటారు, దాని మీద నవ్వడానికి మాత్రం ఎవరూ అవకాశం ఇచ్చి ఉండరు.

మొదట సంవత్సరానికి పేరు. అరవై సంవత్సరాల పేర్లు ప్రభవతో మొదలై అక్షయతో ముగుస్తాయి. 2025 ఉగాదితో వచ్చింది విశ్వావసు, 2026 ఉగాదితో పరాభవ. ఓ పది పేర్లు చదివి వినిపించి, అరవై ఒకటో పేరు మీరు పెట్టండి అనాలి. ఆ పేరు ఎందుకో ఒక వాక్యంలో రాయాలి. కరెంటు తరచూ పోయే ఊళ్లో పిల్లలు పెట్టే పేరు ఒకలా ఉంటుంది, కొత్త బోరు పడిన ఊళ్లో ఇంకోలా.

తర్వాత ఒక ప్రాణినో వస్తువునో ఎంచుకుని దానికి ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం రాయాలి. పంచాంగంలో ఆదాయ వ్యయాలు 14 దాటవు, రాజపూజ్య అవమానాలు 7 దాటవు. ఈ హద్దు పెట్టకపోతే లక్షలు, కోట్లు రాసేస్తారు. ప్రతి అంకెకూ బ్రాకెట్లో కారణం చెప్పాలి, అసలు రాత ఆ కారణంలోనే ఉంది.

కాకి: ఆదాయం 5 (బడి మధ్యాహ్న భోజనం), వ్యయం 8 (గూటికి పుల్లలు మోసిన కష్టం), రాజపూజ్యం 1 (తద్దినం రోజు), అవమానం 6 (కోకిల పిల్లను తన పిల్లనుకుని మేపడం).

బడి గంట, నీళ్ల ట్యాంకరు, మామిడిపిందె, ఒంగోలు గిత్త, ఐసుబండి, పాత పలక, ఏదైనా పనికొస్తుంది. మనిషి పేరు మాత్రం వద్దు. ఒకసారి తోటి పిల్లల పంచాంగం రాయడానికి వదిలితే అవమానాల గడి ఏడుపులతో ముగుస్తుంది.

తరగతిలో ఉగాది చేసుకోని ఇళ్ల పిల్లలూ ఉంటారు. పండగ ఎలా చేసుకున్నారు అనే ప్రశ్న వాళ్లను మూలకు నెడుతుంది. పంచాంగం ఆట అందరికీ సరిపోతుంది. ఇంకా కావాలంటే "ఎండలు మొదలవగానే మా ఇంట్లో ముందు మారేది" అని ఇవ్వండి. మంచాలు వాకిట్లోకి రావడం, కొత్త కుండ, అంబలి, పడుకునే చోటు, అన్ని ఇళ్లలోనూ ఏదో ఒకటి మారుతుంది.

పచ్చడి ఎక్కడెక్కడి నుంచి వచ్చింది

ఉగాది పచ్చడి మీద తప్పక రాయించాలనుకుంటే రుచుల జోలికి పోకుండా దారి అడగండి. ఉప్పు ఏ దారిన వచ్చింది, చింతపండు ఎవరింటిది, వేప పువ్వు ఎవరు దులిపారు, మామిడికాయ కొన్నదా రాలిందా, బెల్లం ఏ అంగట్లోది. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక్కోదానికి రెండు వాక్యాలు రాసుకురావాలి. ఉప్పు అల్లూరు మండలం ఇసకపల్లి మడుల నుంచి వచ్చి ఉండొచ్చు, చింతపండు మెట్ట ప్రాంతం బంధువులు పంపి ఉండొచ్చు. ప్యాకెట్టు ఉప్పైతే ప్యాకెట్టు మీద ఏముందో అదే రాయాలి. అబద్ధం చెప్పి అందంగా రాయడం కంటే అది మేలు. ఇది ఐదో తరగతి నుంచి బాగా నడుస్తుంది. చిన్నవాళ్లకు రెండు దినుసులు చాలు.

కోకిలకు కాకి ఉత్తరం

ఉత్తరం రాసే పద్ధతి పాఠంలో ఎలాగూ ఉంది: కుడిపక్క ఊరు, తేదీ, సంబోధన, విషయం, సంతకం. దాన్నే వాడుకోవచ్చు. ముందు నిజం చెప్పాలి. కోకిల గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. కూ అని కూసేది మగ కోకిల, నల్లగా ఉంటుంది, కళ్లు ఎర్రగా ఉంటాయి. గుడ్డు పెట్టే ఆడ కోకిల గోధుమరంగులో తెల్లచుక్కలతో ఉంటుంది, దాని అరుపు వేరు. చాలామంది పెద్దలకే ఇది తెలియదు. ఈ సంగతి తెలిశాక పిల్లలకు ఉత్తరం ఎవరికి రాయాలన్న ప్రశ్న వస్తుంది. కోకిలక్కకా, పాట పాడుతూ కూర్చున్న కోకిల బావకా? సగం కథ ఆ ఎంపికలోనే తయారవుతుంది.

ఉత్తరంలో ఒక నిజం, ఒక ఫిర్యాదు, ఒక ప్రశ్న ఉండాలి. కాకి ఏ చెట్టు మీద ఉంటుందో చిరునామాలో రాయాలి. నిషేధ మాటల్లోంచి కోకిలను ఆ రోజుకు తీసేయండి మరి.

మాటల విషయం. కాకి, కోకిల మాట్లాడుకునే చోట "యాడికి పోతా ఉండావు", "నాకేం తెల్సు" అని పిల్లలు రాస్తే దిద్దొద్దు. సంభాషణలో ఇంటి మాట ఉండాలి, అప్పుడే కాకి మనూరి కాకిలాగా పలుకుతుంది. కథ నడిపే వాక్యాల్లో మాత్రం బడి భాష రాయించండి. రెండింటికీ తేడా ఏమిటో ఐదో తరగతి పిల్లలు సులువుగా పట్టుకుంటారు.

చలివేంద్రం కుండ చెప్పిన కథ

ఆరు, ఏడు తరగతులకు. కథ రాయమంటే ఈ వయసులో రాక్షసుడు, రాజకుమారి, చివరికి "కళ్లు తెరిచి చూస్తే అదంతా కల". లేదంటే "ఈ కథలోని నీతి ఏమనగా". రెండింటినీ మొదట్లోనే నిషేధించండి. పిల్లలు కలతో ముగించేది కథను ఎలా ఆపాలో తెలియక. కాబట్టి ఆపే పద్ధతి కూడా చెప్పాలి: చివరి వాక్యంలో ఎవరో ఒకరు ఏదో ఒక పని చేస్తూ ఉండాలి. గ్లాసు బోర్లించడమో, సైకిలు స్టాండు తీయడమో, చాలు.

బజారులో చలివేంద్రం పెట్టారు. చెప్పేది కుండ. దానికి కదలిక లేదు, చూడగలదు, వినగలదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ముగ్గురే వస్తారు. వాళ్లలో ఒకరు నీళ్ల కోసం రాలేదు. ఇంతే సూచన. కుండ కదలలేదనే హద్దు వల్ల యుద్ధాలు, విమానాలు రావు, మనుషుల మాటలూ చేతులూ వస్తాయి. ముగ్గురికి మించితే ఒక్కరూ నిలబడరు.

రెండు పీరియడ్లు కావాలి. మొదటిదాంట్లో ముగ్గురి గురించి పలక మీద తలా మూడు ముక్కలు: చేతిలో ఏముంది, ఎక్కణ్నుంచి వస్తున్నారు, ఏమన్నారు. రెండోదాంట్లో రాత. పలక మీద పని మానేసి నేరుగా రాసినవాళ్లకు మొదటి మనిషి దగ్గరే పేజీ అయిపోతుంది.

తీరం ఊళ్లకు, చెరువు ఊళ్లకు

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరగ్రామాల బడుల్లో చెట్ల కంటే సముద్రం మీద రాయించడం సులువు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఇంచుమించు బడి సెలవులతో పాటే పడవలకూ సెలవులు. ఒడ్డుకు లాగిన పడవ రాసుకునే డైరీ, రోజుకు రెండు వాక్యాల చొప్పున ఐదు రోజులు. సముద్ర తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కో గుంటలో నూరు దాకా. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక లోపలి నుంచి తాబేలు పిల్ల ఏం వింటుంది అన్నది మంచి ప్రశ్న.

నెల్లూరుకు దక్షిణాన నేలపట్టు, పులికాట్ చుట్టుపక్కల పిల్లలకు అక్టోబరులో వచ్చిన గూడబాతులు మార్చి నాటికి వెళ్లిపోవడం తెలుసు. వెళ్లే పక్షికి దారి చీటీ రాయించండి: ఏ చెరువు మీదుగా పోవాలి, ఏది ఎండిపోయింది. పొదలకూరు దిక్కున నిమ్మకాయల ధరను వారం వారం రాసి, పక్కన ఒక వాక్యం చేర్చినా చాలు.

దిద్దడం

మొదటిసారి చదివేటప్పుడు ఎర్ర పెన్ను పక్కన పెట్టండి. రాసిన పిల్ల కళ్లతో చూసిందని తెలిసే చోట ఒక టిక్కు, ఇంకా తెలుసుకోవాలనిపించిన చోట ఒక ప్రశ్న. "ఏ కొమ్మ?" "అప్పుడు అవ్వ ఏమంది?" అని పక్కన రాస్తే పిల్ల దానికి జవాబు రాసుకుని వస్తుంది. "బాగుంది, ఇంకా బాగా రాయాలి" అంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

అక్షరదోషాలు ఒక కాగితంలో ఒక్క రకమే దిద్దాలి. ఈ వారం ఒత్తులు, వచ్చే వారం ల, ళ, ఆ తర్వాత న, ణ. అన్నీ ఒకేసారి దిద్దితే పిల్లలు తమకు వచ్చిన మాటలతోనే సరిపెట్టుకుంటారు, తప్పు రాస్తామేమోనని దూలగొండి, గడ్డివాము లాంటివి రాయరు. ఇంగ్లీషు మీడియం పిల్లలు "ట్రీ", "లీఫ్" అని తెలుగు లిపిలో రాస్తే చిత్తుప్రతిలో వదిలేసి, సాపు రాసేటప్పుడు మాట అందించండి. కాగితాలు మర్నాడే తిరిగి ఇవ్వాలి. వారం తర్వాత ఇస్తే ఏ చెట్టు గురించి రాశారో వాళ్లకే గుర్తుండదు.

ఒకటి, రెండు తరగతులు

ఇక్కడ రాత కంటే మాట ముందు. బొమ్మ గీయించి, దాని గురించి పిల్ల చెప్పిన ఒక్క వాక్యాన్ని ఆమె మాటల్లోనే, మార్చకుండా, మీరు కింద రాయండి. కింద గీత మీద ఆమె దాన్ని చూసి రాస్తుంది. రాలిన ఆకును కాగితం కింద పెట్టి పైన క్రేయానుతో రుద్దితే ఈనెలు పడతాయి. రావి, టేకు ఆకులు బాగా వస్తాయి, లేత ఆకులు నలిగిపోతాయి. "ఈ ఆకు ఎవరిది?" అని అడిగి ఆ జవాబు రాయండి.

ఒక కాగితంతో ఎనిమిది పేజీల పుస్తకం

మంచి రాతలు పోగయ్యాక పిల్లలు ఎవరిది వాళ్లే చిన్న పుస్తకం చేసుకోవచ్చు. ఏ4 కాగితాన్ని పొడవుగా ఒకసారి, అడ్డంగా రెండుసార్లు మడిచి విప్పితే ఎనిమిది గడులు పడతాయి. ఇప్పుడు పొట్టి అంచులు రెండూ కలిసేలా సగానికి మడిచి, మడత ఉన్న వైపు నుంచి నడిమి గీత వెంట ఒక్క గడి మేర మాత్రం కత్తిరించాలి. విప్పి, పొడవుగా మడిచి, రెండు కొసలూ లోపలికి నెడితే మధ్యలో చీలిక తెరుచుకుని పేజీలు విడిపోతాయి, చుట్టేస్తే పుస్తకం. అందరూ చేసే పొరపాటు అంచులున్న వైపు నుంచి కత్తిరించడం. అలా చేస్తే కాగితం బయటి కొసలు చీలి పుస్తకం విడిపోతుంది. చార్టు కాగితం మందం ఎక్కువ, మడత సరిగా పడదు. రాత పుస్తకం మడిచాకే రాయించాలి, ముందే రాస్తే సగం పేజీలు తలకిందులుగా వస్తాయి.

పేజీల లెక్క ఇలా వేసుకోవచ్చు: అట్ట, రెండు పొడుపు కథలు, ఒక గేయం, పంచాంగం ఒక పేజీ, ఉత్తరం రెండు పేజీలు, వెనక అట్ట మీద పొడుపు కథల విడుపులు తలకిందులుగా. ఏ4 మీద అక్షరం చిన్నది కావాల్సి వస్తుంది, కాబట్టి మూడో తరగతి వాళ్లకు ఏ3 ఇవ్వండి.

గోడకు మైదా జిగురుతో అంటిస్తే సెలవుల్లో బొద్దింకలు తినేస్తాయి. తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీసి, చివరి పనిదినాన తీసి పిల్లలకు ఇచ్చేయండి. ఒక ప్రతిని మాత్రం తరగతి అలమరలో ఉంచుకుని, దాని మీద ఊరు, తేదీ, ఏ చెట్టు దగ్గర రాసిందీ రాయించండి. వచ్చే ఏడాది ఆ చెట్టు ఎప్పుడు పూస్తుందో, పీరియడు ఏ వారంలో పెట్టుకోవాలో ఆ తేదీలు చూసి నిర్ణయించుకోవచ్చు.